నోటీసు వచ్చినంక రాజీ కాగితం

(హనుమకొండలో రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లుల యజమానులు, అకౌంటెంట్లు, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన న్యాయవాదుల కోసం జరిగిన అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. పొద్దు తక్కువున్నది, నేరుగా విషయానికే వస్త.

2023 డిసెంబరులో ట్రాఫిక్ చలాన్ల మీద రాయితీ ఇచ్చిండ్రు, యాదికున్నది కదా. ద్విచక్ర వాహనాలకు 80 శాతం మాఫీ. పదిహేను వందల బాకీ మూడు వందలతోని ఖతమైంది. పైసలు కట్టిండ్రు, లెక్క మాసింది. హెల్మెట్ కొన్నవా లేదా అని ఎవ్వరూ అడగలే. సర్కారుతోని కేసు తెంపుకునుడంటే మన దిక్కు చాలామంది మనసుల ఉండేది ఈ బొమ్మనే. ఎంత కట్టాలె, ఎంత తగ్గుతది, ఎవరితోని మాట్లాడాలె. ఇయ్యాల నేను చెప్పేది వేరే రకం రాజీ. దాంట్ల పైసలది చిన్న పాత్ర.

మూడు పద్ధతులు వేరువేరుగ పెట్టుకోండి. ఒకటి, అధికారి విచారణ చేసి జరిమానా వేస్తడు, మీరు కడ్తరు లేకపోతే అప్పీలుకు పోతరు. రెండు, కాంపౌండింగ్. తప్పు జరిగిందని కేసు పెట్టే అధికారం శాఖకు ఉన్నది, కానీ చట్టమే ఒక రుసుము కట్టి కేసు మూసుకునే దారి ఇస్తది. మూడోది మన అసలు విషయం. "ఈ లోపాన్ని ఫలానా తారీఖు లోపల సరిచేస్త, చేసినట్టు ఈ రుజువులు చూపిస్త, చెయ్యకపోతే ఈ గ్యారంటీ జప్తు చేసుకోండి, అప్పటిదాక మిల్లు మూసే ఉత్తర్వు ఆపండి" అని రాసుకునే ఒప్పందం. ఆస్ట్రేలియాలో వ్యాపార పోటీ చట్టంలో 1993లోనే 87బి అని ఒక సెక్షన్ పెట్టి ఇటువంటి హామీ పత్రాలను కోర్టు అమలు చేసేటట్టు చేసిండ్రు. బ్రిటన్లో 2008 చట్టంతోని ఇది పర్యావరణ కేసులకు కూడ వచ్చింది. అమెరికాలో అయితే జడ్జి సంతకంతోని డిక్రీ అయితది.

మన దగ్గర ఎక్కువ శాఖలల్ల ఇది రెండు పక్కల సంతకాలున్న కాగితం కాదు. మీరు అండర్‌టేకింగ్, అంటే హామీ పత్రం, ఇస్తరు, అధికారి దాన్ని షరతులున్న ఉత్తర్వుగ మార్చి పంపిస్తడు. ఈ తేడా చిన్నగ అనిపిస్తది గానీ దీంతోనే చాలామంది దెబ్బ తింటరు. ఉత్తర్వులో ఏ మాట ఉంటే అదే ఉన్నట్టు. హియరింగ్‌లో సారు "సీజన్ అయిపోయినంక చూద్దాం లెండి" అన్నడని మీరు నమ్ముకుంటరు, ఉత్తర్వులో "30 రోజులలోపు" అని వస్తది. చట్టం ఇయ్యని వెసులుబాటును అధికారి నోటిమాటతోని ఇచ్చినా కోర్టులో అది నిలవది. అందుకే హియరింగ్ అయిన రోజే, మాట్లాడుకున్నదంతా ఒక పేజీలో రాసి ఆఫీసు ఇన్‌వర్డులో, అంటే వచ్చిన కాగితాలు తీసుకునే కౌంటర్‌లో, ఇచ్చి, ముద్ర వేయించుకొని బయటికి రావాలె.

సరే, నోటీసు చేతికొచ్చింది. ఫోన్ తియ్యకముందు నాలుగు సంగతులు చూడాలె.

ఏ చట్టం, ఏ సెక్షన్. ఆ సెక్షన్‌కు రాజీ దారి ఉన్నదా లేదా. ఆహార భద్రతా చట్టం 2006లో 69వ సెక్షన్ కింద చిన్న తయారీదారులు, చిల్లర దుకాణాలు, తోపుడు బండ్లోళ్ళు లక్ష రూపాయలు దాటకుండ కట్టి కేసు మూసుకోవచ్చు. జైలుశిక్ష ఉన్న నేరానికి మాత్రం ఆ దారి లేదు. పెద్ద కంపెనీకి కూడ లేదు. అట్లనే తూనికలు కొలతల చట్టం 2009లో 48వ సెక్షన్. దానికింద ఒకసారి రాజీ చేసుకున్నంక మూడేండ్ల లోపల అదే తప్పు, లేకపోతే అసొంటి తప్పు మళ్ళ జరిగితే రాజీ లేదు, కోర్టుకే. మూడేండ్లు దాటితే మళ్ళ మొదటి తప్పు కిందనే లెక్క. కాబట్టి పాత రసీదు తీసి తారీఖు చూడుండ్రి. రెండు వేలు కట్టి మర్చిపోయిన పాత కేసే ఇయ్యాల మెడకు చుట్టుకుంటది.

రెండోది, కాలదోషం. జరిమానా ఒక్కటే శిక్ష అయిన నేరానికి, ఆ చట్టంలో వేరే గడువు లేకపోతే, ఆరు నెలలల్ల కోర్టు కేసును తీసుకోవాలె. ఏడాది దాక జైలు ఉన్నదానికి ఏడాది. ఆహార కేసులకు వాళ్ళ చట్టంలోనే ఏడాది అని ఉన్నది, కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే మూడేండ్లు. గడువు దాటిన కేసుకు రాజీ రుసుము కట్టినోళ్ళు ఉన్నరు. చచ్చిన పాముకు బూర ఊదినట్టు.

మూడోది, సాక్ష్యం ఎట్ల తీసిండ్రు. పంచనామా మీద టైము ఉన్నదా, శాంపిల్ ఎక్కడ తీసిండ్రు, సీలు వేసిండ్రా, మీ మనిషి సంతకం ఉన్నదా. ఆహార శాంపిల్ నాలుగు భాగాలు చెయ్యాలె. మీరు అడిగితే నాలుగో భాగం గుర్తింపు ఉన్న ల్యాబుకు పోవాలె. అనలిస్టు రిపోర్టు నచ్చకపోతే 30 రోజులల్ల అప్పీలు వేసుకుంటే రెఫరల్ ల్యాబుకు పంపిస్తరు. శాంపిల్ తీసేటప్పుడు గుమస్తా ఒక్కడే ఉండి, అడుగుమన్న సంగతి ఆయనకు తెల్వక, ఆ హక్కు అక్కడనే పోతది. కౌంటర్ దగ్గర ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించుండ్రి.

నాలుగోది, నిజంగ తప్పు జరిగిందా. ఇది అన్నింటికంటె చివర అడుగుతున్న గానీ చిన్నదనుకోకండి. తప్పు లేకపోతే రాజీకి పోనేవద్దు. ఖర్చు తక్కువని కట్టిన రుసుమే రేపు "మొదటి తప్పు" కింద లెక్కకొస్తది.

ఇగ కాలుష్య నియంత్రణ మండలి దిక్కు వద్దాం. ఈ గదిలో సగం మంది దానికోసమే వచ్చిండ్రు.

బాయిల్డ్ రైస్ మిల్లు ఒకటి అనుకుందాం. సుల్తానాబాద్ దిక్కో, పరకాల దిక్కో. పొట్టు బాయిలర్ పొగ మీద, నానబెట్టిన నీళ్ళ మీద ఊరోళ్ళు ఫిర్యాదు చేసిండ్రు. మండలి ప్రాంతీయ కార్యాలయం నుంచి వచ్చి చూసి పోయిండ్రు, నోటీసు వచ్చింది. ఇక్కడ రెండు కత్తులుంటయి. ఒకటి నీటి చట్టం 33ఏ, గాలి చట్టం 31ఏ కింద మూసివేత, కరెంటు తీసివేత ఆదేశం. రెండోది పర్యావరణ పరిహారం.

పరిహారం లెక్క కేంద్ర మండలి సూత్రం ప్రకారం ఉంటది. ఐదు అంకెలను గుణిస్తరు. పరిశ్రమ ఎంత కాలుష్యం చేస్తదో దాన్నిబట్టి పెట్టిన వర్గానికి ఒక సూచిక: రెడ్‌కు 80, ఆరెంజ్‌కు 50, గ్రీన్‌కు 30. ఉల్లంఘన నడిచిన రోజులు. రూపాయల గుణకం 100 నుంచి 500 మధ్యన, మామూలుగ 250. యూనిట్ సైజు: చిన్నదానికి 0.5, మధ్యస్థానికి 1, పెద్దదానికి 1.5. చివరికి ఊరి జనాభా: పది లక్షల లోపు అయితే 1. 2011 జనాభా లెక్కల్లో మన వరంగల్ కూడ పది లక్షల లోపే. మీ మిల్లు ఏ వర్గమో, మిల్లు నడుపుకోవడానికి మండలి ఇచ్చిన సమ్మతి పత్రంలోనే రాసి ఉంటది. ఆరెంజ్, చిన్న యూనిట్ అనుకుంటే 50ని 250తోని, 0.5తోని గుణిస్తే రోజుకు 6,250 రూపాయలు. రెడ్ అయితే 10,000. గ్రీన్‌కు లెక్క 3,750 వస్తది గానీ రోజుకు 5,000కు తగ్గొద్దని కింద గీత ఉన్నది.

యజమానులు అందరు వర్గం మీద, గుణకం మీద కొట్లాడ్తరు. రోజులు తప్ప మిగిలిన నాలుగు అంకెలు మీ చేతుల ఉండయి. మీ చేతుల ఉన్నది ఒక్కటే, రోజుల సంఖ్య. ఆ రోజులు ఎక్కడ మొదలైతయి, ఎక్కడ ఆగుతయి అన్నది సూత్రంలనే రాసున్నది. తప్పు కనిపెట్టిన రోజు నుంచి, లేకపోతే ఆదేశం గడువు తీరిన రోజు నుంచి మొదలు. ఆగేది మీరు పని పూర్తి చేసిన రోజు కాదు, పని అయిందని మండలి ధ్రువీకరించిన రోజు.

దీని బరువు చూడుండ్రి. గడువు సెప్టెంబరు 30. మీరు సెప్టెంబరు 20 నాడే సైక్లోన్, అంటే పొగలోని బూడిదను పట్టే యంత్రం, బిగించిండ్రు, పొగ తగ్గింది, సంబురంగ ఉన్నరు. కాగితం పెట్టలే. నవంబరు 9 నాడు వాళ్ళు వచ్చి చూసిండ్రు. అక్టోబరు 1 నుంచి నవంబరు 9 దాక 40 రోజులు. 6,250 చొప్పున రెండున్నర లక్షలు. పని చేసినోనికి పడ్డ దెబ్బ ఇది, చెయ్యనోనికి కాదు. అందుకే అండర్‌టేకింగ్‌లో ఒక వాక్యం పెట్టించుకోవాలె: "పని పూర్తయినట్టు యూనిట్ రాతపూర్వకంగా తెలిపిన తేదీ నుంచి ఇన్ని రోజులలోపు తనిఖీ, తనిఖీలో సరిగ్గా ఉన్నట్టు తేలితే తెలిపిన తేదీనే పూర్తయిన తేదీగా పరిగణించాలి." అధికారి ఒప్పుకోకపోవచ్చు, అడిగితే పోయేదేమీ లేదు. ఒప్పుకోకపోయినా పూర్తయిన రోజే లేఖ, ఫొటోలు, ల్యాబు రిపోర్టు ఇన్‌వర్డు చేసి పెట్టుకుంటే అప్పీలులో చూపెట్టడానికి మీ దగ్గర ఒక తారీఖు ఉంటది.

మండలికి ఇట్ల పైసలు అడిగే అధికారం ఉన్నదా అని చాన్నాళ్ళు వివాదం నడిచింది. ఢిల్లీ హైకోర్టు లేదన్నది. 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు ఉన్నదని తేల్చింది. నష్టపరిహారంగ మొత్తం వసూలు చెయ్యొచ్చు, జరగబోయే నష్టానికి ముందే బ్యాంకు గ్యారంటీ అడగొచ్చు. అయితే దానికి సూత్రాలు, పద్ధతి నియమాలల్ల రాసుకొని వాటి ప్రకారమే నడవాలె. లాయర్లు ఈ రెండో సగం కూడ చదువుకోండి, మీ జవాబుకు పనికొచ్చేది అదే.

ఇప్పుడు గడువుల పట్టిక. ఈ ప్రసంగంల ఇంకేది మరిచినా ఇది మరువొద్దు.

మామూలుగ ఏం జరుగుతదంటే, కన్సల్టెంట్ దగ్గర ఒక పాత అండర్‌టేకింగ్ ఉంటది. పేరు మార్చి, "60 రోజులలో ఈటీపీ నిర్మించి నడుపుతాము" అని ప్రింటు తీసి సంతకం పెట్టిస్తడు. ఈటీపీ అంటే మురికి నీళ్ళను శుభ్రం చేసే ప్లాంటు. ఆ పాత కాగితం ఏ రంగుల కంపెనీదో, ఏ మందుల కంపెనీదో. వడ్ల మిల్లుకు ఆ తారీఖులు పొసగయి. ఎందుకో చూడుండ్రి.

వానాకాలం వడ్లు మన దిక్కు అక్టోబరు చివర నుంచి దిగుతయి. యాసంగి ఏప్రిల్‌లో. మధ్యన సర్కారు వడ్ల మరాడింపు నడుస్తనే ఉంటది. బాయిలర్ చల్లారబెట్టి గొట్టం కొయ్యాలంటే దొరికేది ఆగస్టు, సెప్టెంబరు. కాబట్టి బిగింపు పనులన్నీ ఆ కిటికీలకు రావాలె. పొగ కోసం మల్టీ సైక్లోన్ పెడ్తరా, బ్యాగ్ ఫిల్టర్ పెడ్తరా అన్నది ముందే తేల్చుకోవాలె. పొట్టు బూడిదల సిలికా ఎక్కువ, సైక్లోన్ రేకును రుద్ది రుద్ది సన్నగ చేస్తది. బ్యాగ్ ఫిల్టర్ బాగ పనిచేస్తది గానీ నిప్పురవ్వ పడితే బ్యాగులు కాలుతయి, అందుకే దాని ముందట సైక్లోన్ ఉండాలె. గొట్టంల వేడి తగ్గి తేమ పట్టితే బ్యాగులు ముద్దలైతయి. ఇవన్నీ తెల్వక "బ్యాగ్ ఫిల్టర్ పెడ్త" అని రాసిచ్చినోడు మూడో నెలల మళ్ళ హియరింగ్‌కు వస్తడు.

ఇంకొకటి, శాంపిల్ తీసే రంధ్రం, దానికి నిచ్చెన, ప్లాట్‌ఫాం. గొట్టం వంపు దాటినంక వ్యాసానికి 8 రెట్ల ఎత్తులో, పై అంచుకు 2 రెట్ల కింద ఉండాలె. 60 సెంటీమీటర్ల గొట్టానికి వంపు నుంచి 4.8 మీటర్లు. రంధ్రం సరిగ్గ లేకపోతే ల్యాబోళ్ళు శాంపిల్ తియ్యరు, తీసినా లెక్కకు రాదు. ఐదు వేల వెల్డింగ్ పని కోసం ఐదు లక్షల గ్యారంటీ ఆగుతది.

ఇగ నీళ్ళు. ఇక్కడ అసలైన మడత ఉన్నది. వడ్లు నానబెట్టిన నీళ్ళ బీఓడీని, అంటే నీళ్ళల్ల కుళ్ళే మురికి ఎంతున్నదో చెప్పే కొలతను, తగ్గించేది సూక్ష్మజీవులు. ట్యాంకు కట్టంగనే అవి పనిచెయ్యవు, మేత ఉండాలె, వాటికి మేత ఆ నీళ్ళే. సెప్టెంబరుల మిల్లు బంద్ ఉన్నప్పుడు ట్యాంకు కట్టినవు, మంచిదే. దాంట్ల పోసేదేంది? నీళ్ళు లేవు, సూక్ష్మజీవుల బురద పెరగది, రిపోర్టు రాదు. కాబట్టి ఒక్క తారీఖు కాదు, రెండు తారీఖులు అడగాలె. ఒకటి "యంత్రాల బిగింపు పూర్తి: సెప్టెంబరు 30." రెండోది "ఫలితాలు పరిమితిలోపు వచ్చే తేదీ: నానబెట్టుడు మొదలైన రోజు నుంచి 45 రోజులు." ఇట్ల రాస్తే అధికారికి కూడ సమంజసం అనిపిస్తది, ఎందుకంటే వాళ్ళలో చాలామంది ఇంజినీర్లే, ట్యాంకు సంగతి మనకంటె బాగ తెలుసు. మనం చెప్పకపోతే వాళ్ళంతట వాళ్ళు రాయరు.

"పరిమితిలోపు" అంటే ఎంత? అది కూడ రాయాలె. వాగులకు వదిలితే బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, పొలానికి పారిస్తే 100. సమ్మతి పత్రంల ఇంకా గట్టి పరిమితి ఉంటే అదే చెల్లుతది. పరీక్ష 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పడ్తది. శాంపిల్ తీసినంక రిపోర్టు చేతికి రావడానికి వారం పది రోజులు పెట్టుకోండి, ఆ రోజులు కూడ పట్టికలో ఉండాలె. ఎన్ని శాంపిళ్ళు? ఒక్కటే బాగొస్తే చాలునా, వరుసగ మూడు రావాల్నా? రాయకపోతే వాళ్ళిష్టం.

పట్టిక ఎట్ల ఉండాలెనో నోటికి చెప్త, రాసుకోండి. 15వ రోజు: సప్లయర్‌కు ఇచ్చిన ఆర్డరు కాపీ, అడ్వాన్సు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు. 40వ రోజు: పునాది, తారీఖు పడ్డ ఫొటోలు. 80వ రోజు: బిగింపు, ఇన్‌వాయిసు, ఈ-వే బిల్లు. 90వ రోజు: ట్రయల్ రన్, కరెంటు మీటరు రీడింగు. ఆ తర్వాత శాంపిల్, రిపోర్టు. ప్రతి వరుసకు ఒక రుజువు. ఒక మనిషి చేసే పని కాకుండ, కంటికి కనిపించే కాగితమో వస్తువో ఉండాలె. "మెరుగైన నిర్వహణ చేపడతాము" అన్న వాక్యం ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టెయ్యండి. దాన్ని చేసినట్టు ఎవ్వడూ రుజువు చెయ్యలేడు, మీరు చెయ్యలేదని మాత్రం ఎవ్వరైన అనొచ్చు.

సప్లయర్ ఇచ్చిన డెలివరీ తారీఖు మీద మూడు వారాలు కలుపుకోండి. ఆలస్యమైతే గడువు పొడిగింపు లేఖ ఆ తారీఖు కంటె ముందే పోవాలె. సప్లయర్ ఈమెయిల్, ఆర్డరు తారీఖు జతచేసి పోవాలె. గడువు దాటినంక పెట్టిన లేఖ క్షమాపణ కింద లెక్క, పొడిగింపు కింద కాదు.

బ్యాంకు గ్యారంటీ. ఐదు లక్షలు అడిగిండ్రనుకుందాం. బ్యాంకు దానికి ఎఫ్‌డీ మార్జిన్ పెట్టుమంటది, ఏటా కమీషన్ తీసుకుంటది. మొత్తం ఒక్క గ్యారంటీ ఇయ్యకండి. రెండు రెండు ఒకటి అని మూడు ముక్కలు చేసి, ఒక్కో దశకు ఒక్కోటి కట్టించుకోండి. పొగ పని పూర్తయితే దాని ముక్క విడుదల కావాలె, నీళ్ళ పని ఆగినా. ఒకే కాగితం అయితే చివరి చిన్న పని కోసం మొత్తం ఇరుక్కుంటది. గ్యారంటీ గడువు చివరి తారీఖు కంటె కనీసం ఆరు నెలలు ఎక్కువ ఉండాలె. మీరు పెట్టకపోతే వాళ్ళే అడుగుతరు. గడువు తీరడానికి నెల ముందు పునరుద్ధరించకపోతే ఆఫీసు నేరుగ బ్యాంకుకు జప్తు లేఖ రాస్తది. అప్పుడు బ్యాంకు మిమ్మల్ని అడగది, కడ్తది. షరతు లేని గ్యారంటీని కోర్టు ఆపేది రెండింటికే, ఘోరమైన మోసం ఉన్నప్పుడు, తిరిగి పూడ్చుకోలేని నష్టం ఉన్నప్పుడు. మీ వాదం బలమైనదన్నది అక్కడ పనికిరాదు.

పని అయిపోయినంక మూసివేత లేఖ తీసుకోకుండ ఎవ్వరూ ఊకోవద్దు. షరతులు నెరవేరినయి, గ్యారంటీ వాపసు, షోకాజ్ నోటీసు ముగిసింది, ఈ మూడు ముక్కలు ఆ లేఖల ఉండాలె. అది లేకపోతే రేపెప్పుడన్న సమ్మతి పత్రం పనిమీద పోయినప్పుడు ఆన్‌లైన్‌ల పాత నోటీసు ఇంకా పెండింగ్ చూపెడ్తది.

ఊరోళ్ళ సంగతి. మండలితోని మీరు రాసుకున్నది మీకు, మండలికి మధ్యనే. పక్క పొలం రైతు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, మన రాష్ట్రానికి అది చెన్నై బెంచి, పోతే మీ ఒప్పందం ఆయన్ను ఆపది. పరిహారం కోసం ఐదేండ్ల దాక పోవచ్చు. ఆ ఉత్తర్వు ఆర్టీఐల ఎవరైన తీసుకోవచ్చు కూడ. కాబట్టి గడువుల పట్టికను సర్పంచికి, ఫిర్యాదు చేసినోళ్ళకు మీరే ఇచ్చుడు మేలు. దాచిపెట్టిన కాగితం లంచం కాగితంలెక్క కనబడ్తది.

మిగిలిన శాఖలవి తొందరగ చెప్త.

కరెంటు. ఇక్కడ నక్కలగుట్ట ఆఫీసు పరిధిలోనే మనమంతా. విద్యుత్ చట్టం 2003ల దొంగతనానికి 152 కింద రాజీ ఉన్నది. చట్టంల రాసిన రేటు పరిశ్రమకు కిలోవాట్‌కో హార్స్‌పవర్‌కో 20,000, వ్యాపారానికి 10,000, వ్యవసాయానికి 2,000, మిగిలినవాటికి 4,000. రాష్ట్రం నోటిఫికేషన్‌తోని మార్చుకోవచ్చు. పది హెచ్‌పీ పిండిగిర్నీకి రెండు లక్షలు. వాడుకున్న కరెంటు అసెస్‌మెంటు దీనికి బయట, వేరే కట్టాలె. ఇది జన్మల ఒక్కసారే. 126 సెక్షన్ వేరే సంగతి, అది దొంగతనం కాదు, అనుమతి లేని వాడకం. గృహ కనెక్షన్ మీద దుకాణం నడిపినట్టు. దానికి రెండింతల టారిఫ్. తాత్కాలిక అసెస్‌మెంటు మీద అభ్యంతరం పెట్టుకోవచ్చు, అది మీకు అందిన 30 రోజులల్ల అధికారి తుది ఉత్తర్వు ఇయ్యాలె. నోటీసుల ఏ సెక్షన్ ఉన్నదో చూడకుండ కట్టినోడు 126 కేసుకు దొంగ అని ఒప్పుకున్నట్టయితది.

తూనికలు. ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న వేబ్రిడ్జీలు, ఎలక్ట్రానిక్ కాంటాలకు 12 నెలలకోసారి ముద్ర. ముద్ర గడువు తీరిన పదో రోజు దొరికినా తప్పే. మిర్చి సీజన్ మొదలుకాకముందే, డిసెంబరుల వేయించుకుంటే జనవరి గాభరా ఉండది. ఇక్కడ ఒప్పందానికి పెద్ద చోటు లేదు, రుసుము, ముద్ర, అంతే.

ఆహారం. రుసుము కంటె ముందు 32వ సెక్షన్ ఉన్నది, ఇంప్రూవ్‌మెంట్ నోటీసు. నా లెక్కల మన చట్టాలల్ల ఒప్పందానికి అందరికంటె దగ్గరున్న కాగితం ఇదే. లోపం ఏందో, ఏం చెయ్యాలెనో అందుల రాయాలె, 14 రోజులకు తక్కువ కాకుండ గడువియ్యాలె. చెయ్యకపోతే లైసెన్సు సస్పెన్షన్, ఆ తర్వాత రద్దు. నోటీసు అందంగనే మీరే పోయి "రెండు, నాలుగు నంబర్లు 14 రోజులల్ల, ఫ్లోరింగ్ 40 రోజులల్ల" అని పట్టిక ఇచ్చుండ్రి. జరిమానా దాక పోతే 49వ సెక్షన్ల రాసిన కొలతలున్నయి: ఎంత లాభం పొందినవు, ఎవరికి ఎంత నష్టం, మళ్ళమళ్ళ చేసినవా, తెల్వక చేసినవా. మీ జవాబు ఈ నాలుగింటి చుట్టే తిరగాలె. "కుటుంబ పరిస్థితులు బాగలేవు" అన్నది వాటిల లేదు.

కార్మిక చట్టాలు. 2025 నవంబరు 21 నుంచి అమలుల ఉన్న వేతనాల కోడ్‌ల ఇన్‌స్పెక్టర్ కేసు పెట్టకముందు సరిచేసుకొమ్మని రాతపూర్వకంగ అవకాశం ఇయ్యాలె. ఐదేండ్లల్ల మళ్ళ అదే తప్పు చేస్తే ఆ అవకాశం లేదు. రాజీకి గరిష్ఠ జరిమానాలో సగం.

పెద్ద సంస్థలవి కూడ తెలిసి ఉండాలె, వాటి పద్ధతి శుభ్రంగ ఉంటది కాబట్టి. షేర్ మార్కెట్‌ను చూసే సెబీ దగ్గర షోకాజ్ అందిన 60 రోజులల్ల సెటిల్‌మెంట్ దరఖాస్తు పెట్టాలె. తప్పు ఒప్పుకోకుండ, కాదనకుండ పరిష్కరించుకునే వీలున్నది. హైకోర్టు మాజీ జడ్జి అధ్యక్షతన ఒక కమిటీ చూస్తది. వ్యాపార పోటీని చూసే కాంపిటీషన్ కమిషన్‌ల 2024 మార్చి 6 నుంచి రెండు దారులు వచ్చినయి: దర్యాప్తు రిపోర్టు రాకముందు హామీ, వచ్చినంక సెటిల్‌మెంట్. రెండింటికీ 45 రోజులే. ధరలు కుమ్మక్కైన కార్టెల్ కేసుకు రెండూ లేవు. 2025 ఏప్రిల్‌ల గూగుల్ ఆండ్రాయిడ్ టీవీ కేసు 20.24 కోట్లకు, 15 శాతం తగ్గింపుతోని, ఇట్లనే తెగింది. ఆ డబ్బు వాళ్ళకు చాయ పైసలు. అసలు మార్పు టీవీ కంపెనీలకు ప్లే స్టోర్‌ను విడిగ లైసెన్స్ ఇస్తమని రాసిచ్చిన షరతు.

అధికారుల పక్క నుంచి ఒక్క మాట. వాళ్ళు ఎందుకు వెనకాడ్తరు? ఆడిట్ భయం, విజిలెన్స్ భయం. రేపు ఎవడో "మిల్లోనితోని కుమ్మక్కై వదిలేసిండు" అంటడు. మీరు వాళ్ళకు ఇయ్యాల్సింది ఫైలుల పెట్టుకోదగ్గ కారణం. మూసేస్తే ఎన్ని టన్నుల వడ్లు ఎక్కడ ఆగుతయి, దిద్దుకుంటే కాలుష్యం ఎంత తగ్గుతది, ఇంతకుముందు ఉల్లంఘన లేదు, గ్యారంటీ ఉన్నది. ఇవి ఒక పేజీల రాసియ్యండి, వాళ్ళ నోట్‌ఫైల్‌కు అవే వాక్యాలు పోతయి.

ఇప్పుడు ప్రశ్నలు.

సభలో నుంచి: సార్, రాజీ చేసుకుంటే టెండరుల "శిక్ష పడ్డదా" అని అడిగితే ఏం రాయాలె?

ప్రశ్న ఎట్ల అడిగిండ్రో అట్లనే చదవండి. "నేరం రుజువైందా" అని ఉంటే కాంపౌండింగ్ శిక్ష కాదు, లేదని రాయొచ్చు. "జరిమానా గానీ, కాంపౌండింగ్ గానీ, చర్య గానీ ఉన్నదా" అని ఉంటే ఉన్నదని రాసి, మూసివేత లేఖ కాపీ జతచెయ్యండి. దాచి దొరికితే టెండరు పోవుడే కాదు, బ్లాక్‌లిస్టు.

సభలో నుంచి: ఒప్పందం నడుస్తుండంగ మిల్లు అమ్మితే?

సమ్మతి పత్రం కొత్త యజమాని పేరుకు మారాలె, షరతులు దాంతోని పోతయి. గ్యారంటీ మాత్రం మీ బ్యాంకుది, మీ ఎఫ్‌డీ మీద ఉన్నది. కొన్నాయన ట్యాంకు నడపకపోతే జప్తయ్యేది మీ పైసలు. అందుకే అమ్మకం కాగితంల రిజిస్ట్రేషన్ కంటె ముందే ఆయన గ్యారంటీ మండలికి ఇచ్చి, మీది వాపసు వచ్చిందన్న లేఖ చేతికొచ్చినంకనే చివరి చెల్లింపు అని రాయించుకోండి.